కనిగిరి రిజర్వాయరులోంచి కృష్ణపట్నానికి పడవలు పోయేవా? మా జేజి మాటలో నిజమెంత?

విడవలూరు అబ్బయ్య – ఆదివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క తిరుగుతా ఉంది. బ్రిటిషోళ్ల కాలంలో కనిగిరి రిజర్వాయరులో ధాన్యం పడవలకెత్తి, కాలవల వెంబడి కృష్ణపట్నానికి తోలేవాళ్లంట. మా నెల్లూరు మొలగొలుకుల బియ్యం అట్నే మద్రాసుకు పోయేవంట. మామూలుగా ఇట్టాంటివి నేను పట్టించుకోను. కానీ మా జేజికి ఎనభై ఎనిమిదేళ్లు. ఆమె పెళ్లి సామాను మద్రాసు నుంచి పడవలోనే వచ్చిందని చిన్నప్పటి నుంచీ చెప్తా ఉంది. ఇత్తడి అండా, రెండు జాడీలు, పట్టె మంచం. ఆ మంచం ఇప్పటికీ మా వరండాలో ఉంది. మా పొలాలన్నీ కనిగిరి ఆయకట్టే. అంటే ఆ పడవ రిజర్వాయరు మీదుగా వచ్చినట్టేనా? తెలిసినోళ్లు చెప్పండి. మా పిల్ల ఇస్కూలు ప్రాజెక్టుకు కూడా పనికొస్తుంది.

వేటపాలెం నేతగాడు – ఉదయం 8:05

కనిగిరి అంటే పాత ప్రకాశం జిల్లాది కదా అన్నా? ఆ పక్కన ఉండేది మోపాడు చెరువు. అక్కడ నీళ్లు నిలవడమే గగనం, పడవలు యాడివి?

విడవలూరు అబ్బయ్య – ఉదయం 8:11

అది ఆ కనిగిరి కాదన్నా. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర కనిగిరి రిజర్వాయరు. ఈ పేరుతో నేను పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఒకసారి ఓ కొరియరు పార్సిలు ఆ కనిగిరి దాకా పోయి వచ్చింది.

సంగం మాస్టారు – ఉదయం 9:30

అబ్బయ్యా, మీ జేజి చెప్పింది నిజం. వాట్సాప్ చెప్పింది తప్పు. రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయో చెప్తాను.

నెల్లూరు దగ్గర పెన్నకు ఆనకట్ట వేసింది 1855లో. ఎగువన సంగం ఆనకట్ట 1886కు పూర్తయింది. సంగం దగ్గర మళ్లించిన నీళ్లే కనిగిరి రిజర్వాయరుకు చేరతాయి. అక్కణ్ణించి కోవూరు, విడవలూరు, కొడవలూరు పొలాలకు దిగుతాయి. పెన్న ఏడాది పొడుగునా పారే నది కాదు. వచ్చినప్పుడు ఊళ్లు ముంచుతుంది, తర్వాత ఇసక మిగులుతుంది. అందుకే వచ్చిన నీటిని పట్టి దాచుకోడానికి చెరువు కావాలి. మొత్తం లెక్క మడికి తడి అందించడం చుట్టూనే తిరుగుతుంది.

మన నీటి కాలవ మీద పడవ తిరిగిందా లేదా అని తేల్చుకోవాలంటే పాత కాగితాలు తిరగెయ్యక్కర్లేదు. గట్టు మీద నడిచి చూడండి. లాకు ఉందా? నీళ్లు ఒక మెట్టు దిగే ప్రతిచోటా పడవను దించడానికీ ఎక్కించడానికీ లాకు ఉండి తీరాలి. షట్టరు ఒక్కటే ఉంటే నీళ్లు పోతాయి, పడవ పోదు. నేను ముప్పై ఏళ్లు ఈ గట్ల మీద సైకిలు తొక్కి బడికి పోయినోణ్ణి. కనిగిరి కింద కాలవల్లో తూములు చూశాను, షట్టర్లు చూశాను, నీళ్లు మెట్టు దిగే డ్రాపులు చూశాను. లాకు ఒక్కటి కూడా కనపళ్ళేదు.

మరి మీ జేజి మంచం యాడి నుంచి వచ్చిందంటే, రిజర్వాయరుకు అవతల, సముద్రం పక్కన ఉన్న కాలవలోంచి. బకింగ్‌హాం కాలవ. అది ఉప్పు నీళ్ల కాలవ. దానికీ మన చెరువులకూ సంబంధం లేదు.

కావలి కుర్రోడు – ఉదయం 9:52

మాస్టారూ, ఒక్క డౌటు. కృష్ణా కాలవలు కూడా మడికే కదా తవ్వింది? మరి అక్కడ పడవలు తిరిగాయి గదా. మా నాయన తెనాలిలో చదువుకునేటప్పుడు పొగాకు పడవలు చూశానంటాడు. అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదర్లేదు?

సంగం మాస్టారు – ఉదయం 10:04

మంచి ప్రశ్న వేశావు. అక్కడ మొదటి నుంచీ రెండు పనులకూ కలిపి తవ్వారు. వివరం ఆ పక్కవాళ్లెవరైనా చెప్తే బాగుంటుంది.

దుగ్గిరాల కోడలు – మధ్యాహ్నం 12:20

పుట్టిల్లు ఒంగోలు, మెట్టినిల్లు దుగ్గిరాల. కాబట్టి రెండు నీళ్లూ తాగినదాన్నే. వంట అయ్యాక కూర్చున్నాను, కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాటన్ దొర ఆలోచన, కట్టించింది కెప్టెన్ ఆర్. అంటే మాస్టారు చెప్పిన నెల్లూరు ఆనకట్టా అదీ ఒకే ఈడువి. 1952 వరదకు ఆ పాత కట్ట తెగాక దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది, 1957లో తెరిచారు. ఆనకట్ట వెనక నిలిచే నీళ్లే ఇక్కడ అసలు సంగతి. నదిలో మట్టం తగ్గినా కాలవ తల దగ్గర మట్టం తగ్గదు. కాలవలో లోతు నిలకడగా ఉంటేనే బరువు పడవ నేలకు తగలకుండా పోతుంది. చెరువు వల్ల పడవకు ఒరిగేది ఇదే. చెరువు మీద పడవ తిరగక్కర్లేదు, కాలవ అడుగు ఎండకుండా చూస్తే చాలు.

సీతానగరం నుంచి వచ్చే పెద్ద కాలవ మా దుగ్గిరాల లాకుల దగ్గర చీలుతుంది. అందులో ఒకటి కొమ్మమూరు కాలవ. అది దిగువకు పోయి పోయి పెదగంజాం దగ్గర మీ బకింగ్‌హాంలో కలుస్తుంది. విజయవాడ నుంచి పెదగంజాం దాకా 113 కిలోమీటర్లు.

లాకు అంటే ఇప్పటి పిల్లలకు ఏం తెలుస్తుంది! మా మామగారు చెప్పేవారు. ఎగువ నుంచి పడవ రాగానే పై తలుపులు తెరిచి తొట్టిలోకి తీసుకుంటారు. తొట్టి అంటే రెండు పక్కలా రాతి గోడలు, ముందూ వెనకా చెక్క తలుపులు. వెనక తలుపులు మూస్తారు. అవి గట్టిగా ఒకదాన్నొకటి ఒత్తుకుని నీళ్లకు ఎదురుగా కోసుగా నిలబడతాయి. ఎగువ నీటి బరువే వాటిని బిగిస్తుంది, గొళ్లెం అక్కర్లేదు. తర్వాత ముందు తలుపుల్లో చిన్న షట్టర్లు ఎత్తుతారు. నీళ్లు దిగుతుంటే గోడ మీద నల్లటి తడి గుర్తు పైకి పైకి తేలుతుంది, పడవ మాత్రం గుంటలోకి దిగినట్టు దిగుతుంది. సరంగు గెడ పట్టుకుని పడవ గోడకు రాసుకోకుండా నెడుతూ ఉంటాడు. రెండు పక్కలా మట్టం సమానమయ్యాక తలుపు మనిషి భుజం బలానికే కదులుతుంది. అప్పటిదాకా పది మంది తోసినా కదలదట.

పడవ ఒకసారి దిగితే తొట్టెడు నీళ్లు దిగువకు పోయినట్టు. అవి వృథా కావు, కింద మళ్లకే పోతాయి. అందుకే కృష్ణాలో రైతుకూ పడవవాడికీ పొత్తు కుదిరింది.

కావలి కుర్రోడు – మధ్యాహ్నం 12:41

అక్కా, తలుపు సంగతి చదివి నాకే చెయ్యేసి తొయ్యాలనిపించింది. అంటే పెన్నలో పొత్తు కుదరకపోడానికి కారణం పెన్నేనా? నాలుగు నెలలు పారే ఏటి మీద పడవ వ్యాపారం పెట్టుకోలేరు.

సంగం మాస్టారు – మధ్యాహ్నం 1:15

నా అభిప్రాయమూ అదే. పైగా మనకు పడమటి పక్క కొండ, తూర్పు పక్క సముద్రం, మధ్యలో సన్నటి నేల. సముద్రం ఒడ్డునే ఉప్పుకాలవ ఉండగా లోపల ఇంకో పడవ దారి ఎందుకు? ఊరి నుంచి కాలవ రేవు దాకా ఎద్దుల బండి చాలు.

లస్కరు మనవడు – సాయంత్రం 4:10

మా తాత ముత్తుకూరు పక్క ఉప్పుకాలవ లాకులో లస్కరు, అంటే లాకు తలుపులు తీసి మూసే మనిషి. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. నేను చూసిందీ విన్నదీ రాస్తా.

కృష్ణా లాకుకూ మా లాకుకూ ఒక తేడా ఉంది. అక్కడ నీళ్లు ఎప్పుడూ ఒకే పక్క నుంచి వస్తాయి. మా దగ్గర పోటుకు ఇటు నుంచి, పాటుకు అటు నుంచి. కాబట్టి ఒకే వైపు చూసే తలుపులు పనికిరావు. మా తాత పని చేసిన లాకులో రెండు వైపులకూ కోసు పెట్టిన జతలు ఉండేవి. నీళ్లు తిరిగే వేళకు ఆయన లేచి పోవాల్సిందే, అర్ధరాత్రయినా సరే. మా ఇంట్లో గడియారం లేని రోజుల్లో పంచాంగంలో తిథి చూసి పోటు వేళ చెప్పేవాడు. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువ. అష్టమికి సన్నం. ‘అష్టమి పడవ ఇసకలో నిద్ర’ అనేవాడు.

నేను చూసేనాటికి పడవలు లేవు. తలుపుల చెక్క ఊడి, ఇనప పట్టీలు మాత్రం రాతికి వేలాడతా ఉండేవి. రాతి అంచున తాడు రాసుకుని పడిన గాడి ఒకటి ఉంది. నా వేలు సగం పట్టేది అందులో. తాడు కట్టి గట్టు మీద నడుస్తా పడవను లాగే మనుషుల తాళ్లు అవి. గాలి ఉంటే తెరచాప ఎత్తుతారు, లేకపోతే తాడు.

పోయే సరుకు: ఉప్పు, గుల్ల సున్నం, ధాన్యం, మద్రాసు పొయ్యిలకు కట్టెలు. శ్రీహరికోట కట్టె మద్రాసులో ఊరంతా కాల్చారని మా తాత నవ్వేవాడు. ఇప్పుడు అదే దీవి నుంచి రాకెట్లు మండిస్తున్నారు.

పాత కాగితాల పిచ్చి – సాయంత్రం 5:35

బకింగ్‌హాం కాలవ చరిత్ర కాస్త నేను చేరుస్తా. 1806లో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరుకు తవ్వించింది మొదటి ముక్క. తర్వాత పులికాట్ సరస్సు దాకా వచ్చింది. 1837లో సర్కారు చేతికి పోయింది. ముక్కలు ముక్కలుగా దుగరాజపట్నం, కృష్ణపట్నం దాటి 1876కు పెదగంజాం చేరింది. పెదగంజాం చేరిందంటే కృష్ణా కాలవలతో, వాటి గుండా గోదావరి కాలవలతో కలిసిపోయినట్టే. కాకినాడలో ఎక్కించిన సరుకు సముద్రం మొహం చూడకుండా మద్రాసులో దించొచ్చు. మన తీరంలో తుఫాను నెలల్లో ఓడలు పడే బాధ తెలిసినవాళ్లకు ఆ విలువ అర్థమవుతుంది.

ఆ వెంటనే ధాత కరువు. 1876–78. కాలవకు ఎవరి పేరు పెట్టారో ఆ బకింగ్‌హాం ప్రభువు అప్పుడు మద్రాసు గవర్నరు. మద్రాసు ఊళ్లో అడయారునూ కూవాన్నీ కలిపే ఎనిమిది కిలోమీటర్ల ముక్క కరువు పనిలోనే తవ్వించారు. ఆ రోజుల్లో టెంపుల్ అనే దొర వచ్చి కరువు కూలిని మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. అది తిని మట్టి మొయ్యాలి. కాలవకు ప్రభువు పేరు ఉంది, తట్ట మోసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. నాకు ఆ కాలవ గట్టు చూసినప్పుడల్లా ముందు గుర్తొచ్చేది ఇదే.

1899లో బెజవాడ–మద్రాసు రైలు పడింది. అదేరోజు కాలవ చచ్చిపోలేదు. బరువుగా ఉండి, తొందర లేని సరుకు ఇంకో అరవై ఏళ్లు దాని మీదే పోయింది. 1965, 1966 తుఫాన్లు గట్లు తెంచి పూడ్చేశాక పట్టించుకున్న నాథుడు లేడు.

కంభం కట్ట – సాయంత్రం 6:50

చారిత్రక జలాశయం అని చర్చ పెట్టి ఇంతసేపటికీ కంభం పేరు ఎవరూ ఎత్తలేదంటే ఏమనుకోవాలి? మీ ఆనకట్టలన్నీ నిన్నమొన్నటివి. మా చెరువు కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడబిడ్డ వరదరాజమ్మ కట్టించింది. గుండ్లకమ్మ నల్లమల సందులోంచి బయటపడేచోట రెండు కొండల మధ్య 57 అడుగుల కట్ట. వెనక 430 చదరపు మైళ్ల నేల మీద పడిన వాన అందులోకి రావాలి. ఏడు కిలోమీటర్ల పొడవు, మూడున్నర వెడల్పు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వాళ్లు వారసత్వ కట్టడం అని గుర్తింపు ఇచ్చారు.

కావలి కుర్రోడు – సాయంత్రం 6:58

అన్నా, పడవలు తిరిగాయా లేదా అది చెప్పు.

కంభం కట్ట – రాత్రి 7:03

చేపల పుట్టి తిరుగుతుంది. సరిపోదా?

దుగ్గిరాల కోడలు – రాత్రి 7:20

పోనీలెండి, కంభం అన్న మాటలో ఒక దారి ఉంది. కంభం దాటిన గుండ్లకమ్మ ఒంగోలు పక్కగా వచ్చి సముద్రంలో కలిసే ముందు బకింగ్‌హాం కాలవను అడ్డంగా కోస్తుంది. అంటే కంభంలో అలుగు పారినరోజు ఆ నీళ్లు ఏనాటికో పడవ దారికి వస్తాయి. కాకపోతే సాయం చెయ్యడానికి కాదు, మట్టి తెచ్చి పూడ్చడానికి! గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు, పెన్న, స్వర్ణముఖి... కాలవ ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంటే ఇవన్నీ పడమటి నుంచి వచ్చి తగులుతాయి. ప్రతి వరదకూ ఏటి మొగ దగ్గర ఇసక. పడవవాళ్లకు రైలు కన్నా పెద్ద శత్రువులు ఇవే.

విడవలూరు అబ్బయ్య – సోమవారం ఉదయం 6:30

రాత్రి మీరు రాసిందంతా జేజికి చదివి వినిపించా. ‘రిజర్వాయరు’ అనంగానే ‘ఎవుర్రా వాడు, కనిగిరి చెరువులో పడవేందీ’ అని ఒక్క కసురు కసిరింది. తర్వాత చెప్పింది యథాతథంగా రాస్తున్నా.

‘రామతీర్థం దారిలో ఉప్పుకాలవ కాడ దించార్రా. ఆడికి మా నాయన రెండెడ్ల బండి తోలకొచ్చినాడు. మూడు రాత్రులు వచ్చిందంట పడవ. యాడో ఏటి కాడ పోటు కోసం పూట నిలిపేసినారంట. జాడీల్లో ఒకటి పగిలింది. పగిల్తే పగిలిందని ఉప్పోసుకోను వాడుకున్నాం. పడవోడు పిడికెడు ఎండుచేపలు ఇచ్చినాడు, మీ తాత తిన్లేదు.’

పగిలిన జాడీ సంగతి నాకు ఇంతవరకూ తెలీదు. ఎనభై ఎనిమిదేళ్లొచ్చాక చెప్పింది.

సంగం మాస్టారు – ఉదయం 7:15

ఇంకేం కావాలి? ‘పోటు కోసం పూట నిలిపారు’ అన్న ఒక్క మాట చాలు. చెరువు నీళ్లకు పోటు ఉండదు.

కావలి కుర్రోడు – ఉదయం 10:30

వాట్సాప్ ముక్క గాల్లోంచి పుట్టదు గదా, దానికి మొదలేంటో?

పాత కాగితాల పిచ్చి – ఉదయం 11:10

నా ఊహ ఒకటుంది, ఊహగానే తీసుకోండి. కర్నూలు–కడప కాలవ ఉంది చూడు, మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1863లో మొదలుపెట్టింది. దాన్ని సేద్యానికీ పడవలకూ కలిపే తవ్వారు, లాకులు పెట్టారు. మొదటి పథకంలో తుంగభద్ర మీది సుంకేసుల నుంచి పెన్న లోయ గుండా నెల్లూరు దిగి కృష్ణపట్నం చేరాలని ఉంది. డబ్బులు కరిగిపోయి కడప దగ్గరే ఆగింది. 1882లో సర్కారు కొనుక్కుంది. పడవలు మాత్రం 1933 దాకా తిరిగాయి. కాగితం మీద గీసిన గీతను ఎవరో చూసి నిజంగా పడవలు పోయాయనుకుని ఉంటారు.

వేటపాలెం నేతగాడు – ఉదయం 11:45

మళ్లీ పడవలు వస్తాయంటున్నారుగా? నాలుగో జాతీయ జలమార్గం అని.

లస్కరు మనవడు – మధ్యాహ్నం 1:00

2008లో ప్రకటించారు. అప్పటి లెక్కకు 1,078 కిలోమీటర్లు. అందులో పెదగంజాం నుంచి చెన్నై దాకా మన ఉత్తర బకింగ్‌హాం ఒక్కటే 316. తమాషా ఏంటంటే తమిళనాడులో మరక్కానం దాటాక పుదుచ్చేరి చేరే చివరి 22 కిలోమీటర్లు కలువేలి అనే చెరువు మీదుగా గీశారు. అబ్బయ్యా, చెరువు మీద పడవ దారి కావాలంటే అక్కడికి పో! 2017 అక్టోబరులో మన నెల్లూరాయనే, వెంకయ్యనాయుడు, ఉపరాష్ట్రపతిగా వచ్చి మొదటి దశకు శంకుస్థాపన చేశారు. అది ముక్త్యాల నుంచి విజయవాడ దాకా, కృష్ణలో 82 కిలోమీటర్లు. అక్కడ బ్యారేజి వెనక నీళ్లు ఉన్నాయి. మన దగ్గర తుమ్మచెట్లు ఉన్నాయి.

నాకైతే కాలవ తవ్వితే సంతోషమే, పడవలొచ్చినా రాకపోయినా. 2004 సునామీ రోజు మా ఊరికి వచ్చిన నీళ్లు సగం కాలవే తాగింది. మా అమ్మ ఇప్పటికీ ఆ గట్టుకు దణ్ణం పెట్టి దాటుతుంది.

వేదిక నిర్వాహకుడు – మధ్యాహ్నం 2:20

జలమార్గం ఎవరి హయాంలో ఆగింది అనే మూడు వ్యాఖ్యలు తీసేశాను. పడవల మీదే ఉండండి.

విడవలూరు అబ్బయ్య – తర్వాతి ఆదివారం, రాత్రి 9:15

పిల్ల ఊరుకోలేదు. ఉప్పూ తీపీ కలిసేచోటు చూపించమంది. పొద్దున్నే కారేసుకుని పెదగంజాం పోయినాం. రెండు సీసాలు తీసకపోయి, ఒకటి కొమ్మమూరు పక్క, ఒకటి బకింగ్‌హాం పక్క నింపుదామని దాని ప్లాను. తీరా చూస్తే రెండు పక్కలా ఉప్పే. నాలిక మీద చుక్క వేసుకుని మొహం చిట్లించింది. టీ బంకు కాడ పెద్దాయన్ను అడిగితే, ‘ఎండాకాలం కాలవ కట్టేస్తారు గదా సామీ, పైనుంచి నీళ్లొస్తేనే తీపి. ఆఖరి ఊరోళ్లం, మాకు చేరేసరికి నారు పోసే అదను కూడా దాటిపోద్ది. వానలు పడినాక రండి’ అన్నాడు.

ఒక సీసా మాత్రం తెచ్చుకుంది. దాని మీద ‘పెదగంజాం, మే నెల, ఉప్పు’ అని చీటీ అంటించింది. ఇంకో సీసా ఖాళీగా పక్కనే పెట్టింది.